పగిలిన ఫోనే మా సర్వర్

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. మీ ఇంట్లో మూలన పడేసిన పాత టచ్ ఫోన్ ఏదైనా ఉంటే దాన్ని గుర్తు పెట్టుకొని చదవండి. చివర్లో దానితో పనుంది.

మన ఇళ్లలో చదువు రాని పెద్దోళ్లకు కూడా బాగా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది. అది సర్వర్. రేషన్ కోసం వేలిముద్ర వేస్తే "సర్వర్ లేదు, సాయంత్రం రా" అంటారు. కుల సర్టిఫికెట్ కోసం పోతే "సర్వర్ డౌన్, రేపు రండి" అంటారు. కూలి పోగొట్టుకొని, ఆటో చార్జీ పెట్టుకొని వచ్చిన మనిషిని వెనక్కి పంపే మాటగానే మనోళ్లకు సర్వర్ తెలుసు. మాలో ఒకరి అవ్వ అయితే అది ఎవరో పెద్దాఫీసరు పేరనుకొని, "ఆ సర్వర్ సారు ఎప్పుడొస్తాడు నాయనా" అని అడిగిందంట. నవ్వొస్తది గానీ, ఆమె అడిగిన దాంట్లో తప్పేం లేదు. అది యాడ ఉంటదో, ఎవరి చేతిలో ఉంటదో మనకు ఎవరూ చెప్పలేదు.

మేము నలుగురం. మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరం నల్లమల చెంచు గూడేలోళ్లం, ఒకరిది గిద్దలూరు వైపు సుగాలి తండా, ఒకరిది కంభం దగ్గర ఎరుకల కాలనీ. నలుగురి ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. చేసిన పని నలుగురం కలిసి చేసినాం కాబట్టి నలుగురి మాటగానే రాస్తున్నాం.

ముందు సర్వర్ అంటే ఏందో చెప్పుకుందాం. హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషిని కూడా మనం సర్వర్ అనే పిలుస్తాం. పని కూడా అదే. అడిగింది తెచ్చి ఇయ్యడం. మన ఫోన్లో ఉండే బ్రౌజర్ ఒక అర్జీ పెడతది, "ఫలానా పేజీ కావాలి" అని. ఆ అర్జీ అందుకొని పేజీ తీసి పంపే ప్రోగ్రాం వెబ్ సర్వర్. ఇచ్చేటప్పుడు ముందు ఒక నంబరు చెప్తది. 200 అంటే ఇదిగో తీసుకో అని. 403 అంటే నీకు ఇయ్యడానికి అనుమతి లేదని. 404 అంటే నువ్వు అడిగింది నా దగ్గర లేదని. మా నాయనలు ఒంగోలు దాకా పోయి ఇచ్చిన అర్జీలకు ఇంత తొందరగా, ఇంత సూటిగా జవాబు ఎప్పుడూ రాలేదు.

ఆ ప్రోగ్రాం నడవడానికి పెద్ద బిల్డింగు అక్కర్లేదు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అందులో ఉండేవీ సర్వర్లే. లక్షల మందికి ఒక్కసారే జవాబు చెప్పాలి కాబట్టి వాళ్లకు అంత కావాలి. ఎనిమిది మంది పిల్లలకు జవాబు చెప్పాలంటే చేతిలో పట్టే ఫోన్ చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండేది లైనక్స్ కెర్నలే, పెద్ద పెద్ద సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేదీ లైనక్స్ మీదే.

ఈ మాట హాస్టల్లో చెప్తే అందరూ నవ్వినారు, "ఫోన్లో సర్వర్ ఏందిరా" అని. కానీ ఇది కొత్త సంగతి కాదు. 2006లోనే నోకియా పరిశోధకులు అపాచీ అనే వెబ్ సర్వర్‌ను బటన్ల ఫోన్‌లోకి ఎక్కించి చూపించినారు. అంతకంటే ముందు, 2001లో, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే కంపెనీ కలిసి సింప్యూటర్ అని చేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి తయారు చేసినారు. అదీ లైనక్స్ మీదే నడిచేది, ర్యామ్ 32 ఎంబీ. ఊరికి ఒక్కటి కొని, ఒక్కొక్కరు సొంత స్మార్ట్ కార్డు పెట్టి పంచుకొని వాడుకోవాలన్నది వాళ్ల ఆలోచన. అది అనుకున్నంతగా జనంలోకి పోలేదు. కానీ ఊరంతా కలిసి ఒక చిన్న మిషను వాడుకోవచ్చు అన్న ఆలోచన మాత్రం మాకు బాగా నచ్చింది. గూడెంలో ఒక బోరింగు, ఒక రోలు అందరూ వాడుకున్నట్టే గదా.

మా సర్వర్ కథకొస్తే, అది మాలో ఒకరి అన్న వాడి పక్కన పడేసిన ఫోన్. అద్దం పగిలింది, కింది సగం టచ్ పనిచేయదు. ర్యామ్ 2 జీబీ, స్టోరేజీ 16 జీబీ. రిపేరు షాపులో డిస్‌ప్లే మార్చడానికి చెప్పిన రేటు వింటే ఇంకో పాత ఫోనే వస్తది. అందుకని ఓటీజీ కేబుల్ కొని దానికి ఒక మౌసు తగిలించినాం. టచ్‌తో పని లేకుండా పోయింది. తర్వాత ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ అనే యాప్ వేసినాం. ఫోన్‌ను రూట్ చేయకుండానే లైనక్స్ కమాండ్లు నడిపే యాప్ అది. అందులో పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకుంటే, దానితో పాటే చిన్న వెబ్ సర్వర్ ఒకటి వస్తది. ఒక్క లైను కమాండ్ కొడితే మొదలవుతది. పోర్టు నంబరు 8080 ఇచ్చినాం. వెబ్‌కు మామూలుగా వాడే నంబరు 80, కానీ 1024 లోపు నంబర్లను ఆండ్రాయిడ్ మామూలు యాప్‌లకు ఇయ్యదు.

ఆ ఫోన్‌లోనే హాట్‌స్పాట్ ఆన్ చేస్తాం. సిమ్ లేదు, డేటా లేదు. అయినా హాట్‌స్పాట్ అంటే ఒక చిన్న వైఫై గదా, చుట్టుపక్కల ఫోన్లు దానికి కనెక్ట్ అవుతాయి. బ్రౌజర్లో 192.168.43.1:8080 అని కొడితే మా పేజీ వస్తది. మా పాత ఫోన్లో అడ్రసు ఇదే. కొత్త ఫోన్లలో వేరే ఉండొచ్చు, టెర్మక్స్‌లోనే చూసుకోవచ్చు. ఒక్క పైసా డేటా ఖర్చు కాదు.

మొదటిసారి పెట్టుకునే వాళ్లకు ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి. ఫోన్ స్క్రీన్ ఆరిపోగానే ఆండ్రాయిడ్ ప్రోగ్రాంలను నిద్రపుచ్చుతది. అట్లా కాకుండా టెర్మక్స్‌లో వేక్ లాక్ పెట్టాలి, సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి. పేజీ రాసేటప్పుడు పైన యూటీఎఫ్-8 అని ఒక లైను ఉండాలి, లేకుంటే తెలుగు అక్షరాలు గజిబిజిగా వస్తాయి. కనెక్ట్ అయిన ఫోన్లు "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు" అని చెప్పి తప్పుకోవాలని చూస్తాయి, వాటిలో మొబైల్ డేటా ఆపేసి, ఇందులోనే ఉండమని నొక్కాలి. మా హాట్‌స్పాట్ ఒకేసారి ఎనిమిది మందినే పట్టుకుంటది. కరెంటు పోయినా పర్వాలేదు, ఫోన్‌కు బ్యాటరీ ఉంది గదా, ఇన్వర్టర్ లోపలే ఉన్నట్టు.

హాస్టల్లో నడిపేటప్పుడు చార్జర్ పక్కన "స్విచ్ ఆపొద్దు" అని చీటీ అంటించినాం. తర్వాత చదివితే తెలిసింది, 1990 చివర్లో జెనీవాలోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన లోకంలోనే మొదటి వెబ్ సర్వర్ మీద కూడా ఆపొద్దని ఎర్ర ఇంకుతో రాసిన చీటీ ఉండేదంట. అది చదివిన రోజు మా నలుగురికీ ఎందుకో చాలా ధైర్యం వచ్చింది.

ఇంతా ఎందుకు అని అడిగితే, దానికి కారణం ఒక చెల్లెలు.

2025 ఏప్రిల్ 23న పదో తరగతి రిజల్ట్స్ వచ్చినాయి. మా గూడెంలో ఒక పిల్ల లెక్కల్లో తప్పింది. 27 మార్కులు, ఇంకా ఎనిమిది కావాలి. సప్లిమెంటరీ మే 19 నుంచి. చేతిలో నెల కూడా లేదు. ఆశ్రమ పాఠశాలకు ఎండాకాలం సెలవులు, పిల్ల గూడెంలో ఉంది. శ్రీశైలం బస్సు ఎక్కినోళ్లకు తెలుసు, దోర్నాల దాటి అడవిలోకి పోయేకొద్దీ ఫోన్లో గీతలు ఎట్లా తగ్గిపోతాయో. మా గూడెం ఇంకా లోపలికి ఉంది. సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. పుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటది, స్కాన్ చేస్తే వీడియో పాఠం వస్తదంటారు. దానికీ నెట్ కావాలి. ఇంకో పక్క ఇంట్లో పెళ్లి మాటలు మొదలైనాయి. తప్పిన పిల్లకు మన దగ్గర ఏం జరుగుతదో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక పేపరు పోతే చదువే పోతది.

మన వైపు నీళ్లకు ఏం చేస్తాం? ట్యాంకర్ వచ్చినప్పుడే డ్రమ్ములన్నీ నింపి పెట్టుకుంటాం. ఎప్పుడూ పారే కాలువ మనకు లేదు కాబట్టి నిలవ చేసుకోవడం మనకు తెలుసు. కంభం చెరువు కూడా అంతే గదా, గుండ్లకమ్మలో పారే వాన నీళ్లకు కొండల మధ్య కట్ట వేసి, కొన్ని వందల ఏళ్లుగా ఎండాకాలానికి దాచుకుంటున్నది. నెట్ విషయంలో కూడా అదే చేసినాం. మార్కాపురంలో నెట్ ఉన్నప్పుడే డ్రమ్ము నింపుకున్నాం. పదో తరగతి లెక్కల పుస్తకం పీడీఎఫ్, ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు ఉండేది. పాత ప్రశ్నపత్రాలు. తెలిసిన ఒక సారును బతిమాలి చెప్పించుకున్న పాఠాలు, పది నిమిషాలకు ఒకటి చొప్పున ఆడియోలు. వీడియోలు బరువు, ఆడియో అయితే కొన్ని ఎంబీలే. కివిక్స్ అనే యాప్‌తో తెలుగు వికీపీడియా కూడా దింపుకున్నాం. 2003లో మొదలైన వికీపీడియా అది, మొత్తం ఒక ఫైలుగా నెట్ లేకుండా చదువుకోవచ్చు. అదే యాప్ హాట్‌స్పాట్ మీద పక్క ఫోన్లకు కూడా వడ్డిస్తది. కమాండ్లు అంటే భయపడే వాళ్లు ఉత్త కివిక్స్‌తో మొదలు పెట్టినా చాలు.

పగిలిన ఫోన్, ఒక పవర్ బ్యాంకు, ఓటీజీ మౌసు సంచిలో వేసుకొని గూడేనికి పోయినాం. గూడెంలో టచ్ ఫోన్లు ఏడు ఉన్నాయి, సిగ్నల్ లేక పాటలకు, టార్చి లైటుకు వాడుతున్నారు. సాయంత్రం అంగన్‌వాడీ అరుగు మీద సర్వర్ పెడితే చుట్టుపక్కల ఇళ్ల దాకా అందేది. మొదటి రోజు ఆ పిల్ల కంటే చిన్న పిల్లలే ఎక్కువ వచ్చినారు. వికీపీడియాలో పులి బొమ్మ, చెంచుల పేజీ తీసి చూసుకున్నారు. మూడో రోజు నుంచి పిల్ల నిదానంగా కూర్చుంది. సర్వర్ నడిచేటప్పుడు ఎవరు ఏది అడిగినా స్క్రీన్ మీద ఒక లైను వస్తది. రాత్రి పదకొండింటికి గూడెమంతా పడుకున్నాక కూడా లైన్లు పడతానే ఉండేవి. త్రికోణమితి మూడో ఆడియో, మళ్లీ మూడో ఆడియో, మళ్లీ మూడో ఆడియో. అర్థం కానిది ఎన్నిసార్లు అడిగినా అది విసుక్కోదు. బడిలో రెండోసారి అడగడానికి మనం ఎంత జంకుతామో మనకు తెలుసు గదా. అది చూసినాక ఆ పాఠం వరకు మేమే పక్కన కూర్చొని బలపం పట్టుకొని పలక మీద చెప్పినాం. మార్కాపురం పలకే.

పిల్ల పాసైంది. 46 వచ్చినాయి. ఇది సర్వర్ గొప్పతనం అని మేము అనం. చదివింది ఆ పిల్ల. వాళ్లమ్మ ఆ నెల రోజులు పిల్లను అడవికి పంపకుండా తానే పోయి కట్టెలు తెచ్చుకుంది. సర్వర్ చేసిందల్లా ఒకటే, అడిగినప్పుడు లేదనకుండా ఇచ్చింది. ఇప్పుడు ఆ చెల్లెలు ఇంటర్ చదువుతున్నది.

ఇంకో సంగతి మేము అనుకోకుండా జరిగింది. అరుగు మీద పిల్లలు ఆడియోలు వింటుంటే ఒక ముసలవ్వ వచ్చి, "నేను చెప్తే కూడా అందులో పడతదా" అని అడిగింది. పడతదని చెప్పి రికార్డు చేసినాం. ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలి, ఏది ఉడకబెట్టి నీళ్లు పారబోయాలి, కొండ పెర దింపేటప్పుడు తాడు బావమరిది చేతికే ఎందుకు ఇస్తారు, ఇవన్నీ చెప్పింది. మొత్తం నాలుగు సాయంత్రాలు. అయిపోయినాక ఒక మాట అన్నది. "ఇది మన పిల్లోళ్లకు. సంతలో పెట్టబాకండి."

ఆ మాట మీద నలుగురం చాలాసేపు మాట్లాడుకున్నాం. యూట్యూబ్‌లో పెడితే లక్ష మంది చూస్తారు గదా అని ఒకరు, పెడితే ఏ మందు చెట్టు యాడ ఉందో కూడా లక్ష మందికి తెలుస్తది గదా అని ఇంకొకరు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(కె) అని ఒకటుంది. అడవిలోని జీవవైవిధ్యం గురించి, మన సంస్కృతి గురించి మన పెద్దల దగ్గర ఉన్న జ్ఞానం మీద హక్కు సమూహానిదే అని అది చెప్తది. అంటే ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో అవ్వ అనొచ్చు, గూడెం అనొచ్చు. మా సర్వర్ అందేది ముప్పై నలభై అడుగుల దూరం, గోడలు అడ్డముంటే ఇంకా తక్కువ. ఇన్నాళ్లూ అది లోపం అనిపించేది. అవ్వ మాట విన్నాక అదే దాని మంచి గుణం అనిపించింది. అరుగు దగ్గరికి వచ్చి కూర్చున్నోళ్లకే అది వినపడతది. అవ్వ గొంతు ఇప్పుడు గూడెంలోనే ఉన్న ఒక మెమరీ కార్డులో ఉంది, ఇంకెక్కడా లేదు.

ఇట్లాంటిది పెట్టాలనుకునే వాళ్లకు జాగ్రత్తలు కూడా చెప్పాలి. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరి. సర్వర్ కోసం వేరే ఫోల్డర్ చేసుకొని అందులో నుంచే నడపండి, ఎందుకంటే ఏ ఫోల్డర్లో మొదలు పెడితే అందులో ఉన్నవన్నీ అది చూపిస్తది. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, కుల సర్టిఫికెట్ ఫొటోలు అందులో పెట్టొద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. పైథాన్ సర్వర్‌ను బయట ఇంటర్నెట్‌కు పెట్టొద్దు, దాని భద్రత అంతంత మాత్రమేనని పైథాన్ వాళ్లే రాసినారు. సిమ్ నెట్ మీద బయటకు పెట్టడం ఎట్లాగూ అంత సులువు కాదు, మనకు వచ్చే అడ్రసు మామూలుగా చాలామందితో పంచుకునేది. ఎవరు ఏది చదివినారో చూపించే లైన్లను కూడా పొద్దున్నే తుడిచేయండి. పిల్లలు ఎన్నిసార్లు అడిగినారో ఊరికి తెలియక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను మాత్రం వాడొద్దు, ఎంత మంచి ఫోనైనా. రోజంతా చార్జర్‌కు తగిలించి ఉంచకుండా మధ్యలో తీస్తుండండి, వెనక కవర్ తీసేసి గాలి తగిలే చోట పెట్టండి.

ఇది నెట్‌కు బదులు కాదని కూడా చెప్పాలి. స్కాలర్‌షిప్ ఫారం ఇందులో నింపలేం, హాల్ టికెట్ ఇందులో రాదు. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల్లాంటి తెగల గూడేలకు ఇళ్లు, రోడ్లతో పాటు మొబైల్ టవర్లు కూడా ఉన్నాయి. టవర్ మన హక్కు, అది అడగాల్సిందే, వచ్చేదాకా అడుగుతానే ఉండాలి. కానీ టవర్ వచ్చేదాకా పదో తరగతి పరీక్ష ఆగదు గదా.

మేము నేర్చుకుంది ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. మన తాతల కాలం నుంచి మనం అర్జీ పెట్టే వైపే ఉన్నాం. కిటికీకి ఇవతల. ఫోన్లో కూడా అంతే, ఎవరో పెట్టింది అడగడం, చూడడం. అదే ఫోన్ మనల్ని కిటికీకి అవతల కూడా నిలబెట్టగలదు. అక్కడ నిలబడితే ఒక బాధ్యత ఉంటది, అడిగినోళ్లను రేపు రమ్మని పంపకుండా ఉన్నది ఇయ్యడం, లేనిది లేదని సూటిగా చెప్పడం. ఆ పని మనకు చేతనవుతది.

ఇప్పుడు మీ పాత ఫోన్ సంగతి. ఆన్ అయ్యి, వైఫై పనిచేస్తే చాలు, అద్దం పగిలినా పర్వాలేదు. వచ్చే ఎండాకాలం సెలవుల లోపల ఇంకో మూడు గూడేలకు, రెండు తండాలకు ఒక్కొక్కటి పెట్టాలని అనుకుంటున్నాం. ఫోన్ ఇచ్చేవాళ్లు, వాళ్ల ఊళ్లో దాన్ని చూసుకునేవాళ్లు కింద రాయండి. సైన్సు, ఇంగ్లీషు పాఠాలు పది నిమిషాల్లో చెప్పగలిగే అక్కలు, అన్నలు ఉంటే మీ గొంతు కావాలి. లంబాడీలో లెక్కలు చెప్పే వాళ్లుంటే ఇంకా కావాలి, మా గిద్దలూరు తమ్ముడు ఒక్కడే చెప్పి చెప్పి గొంతు పోయింది వాడికి.

ఆదివారాలు మధ్యాహ్నం మేము హాస్టల్లోనే ఉంటాం. ఫోన్ తెచ్చుకుంటే కూర్చోబెట్టి నేర్పిస్తాం, రెండు గంటల పని.

ఇట్లు
మీ నలుగురు హాస్టల్ తమ్ముళ్లు, మార్కాపురం